ట్రైలరు లాగేటప్పుడు మాత్రమే జారుతున్న క్లచ్: అసలు కారణం తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను నడిపేది అయిదు గేర్ల డీజిల్ పికప్. వెనుక చక్రాలతో నడిచే బండి, క్లచ్ హైడ్రాలిక్‌ది, అంటే పెడల్ తొక్కుడు గొట్టంలోని ఫ్లూయిడ్ ద్వారా క్లచ్‌కు చేరుతుంది. వారంలో మూడు నాలుగు రోజులు దీనికి సుమారు 1,900 కిలోల ట్రైలరు తగిలించి తిప్పుతాను. బండికి నిర్ణయించిన లాగుడు పరిమితిని మించి ఎప్పుడూ బరువు వేయలేదు. 15,000 కిలోమీటర్ల కిందట క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగు మూడూ కలిపి కొత్త సెట్టు వేయించాను. అంతకుముందున్న సెట్టు ఇదే పని చేస్తూ 1,10,000 కిలోమీటర్లు వచ్చింది కాబట్టి, ఇది అందులో సగమైనా నిలుస్తుందనుకున్నాను.

ఇప్పుడు వచ్చిన ఇబ్బంది ఇది. పొద్దున బయలుదేరినప్పుడు బండి చక్కగా లాగుతుంది. ట్రైలరుతో అరగంటో ముప్పావుగంటో నడిచాక, ఎత్తు ఎక్కేచోట టాప్ గేరులో ఆక్సిలరేటరు కాస్త గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు ఒక్కసారిగా పైకి లేస్తుంది, వేగం మాత్రం పెరగదు. కాలు సడలిస్తే ముల్లు దిగి మళ్లీ పట్టుకుంటుంది. రెండుసార్లు కాలిన వాసన కూడా వచ్చింది. బండి ఆపి గంటసేపు చల్లారనిస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. ట్రైలరు లేకుండా తిరిగినప్పుడు ఈ లక్షణం నాకు కనిపించలేదు.

మెకానిక్ ఒకసారి నడిపి చూసి, ప్లేటు అయిపోయింది, గేరుబాక్సు దించి మళ్లీ సెట్టు వేయాల్సిందేనన్నారు. అయితే హ్యాండ్‌బ్రేకు వేసి, మూడో గేరులో పెట్టి క్లచ్ వదిలితే ఇంజను వెంటనే ఆగిపోతోంది. ప్లేటు అయిపోయి ఉంటే అలా ఆగదు కదా అని నా సందేహం. మళ్లీ అంత పని పెట్టుకునే ముందు ఏమేమి చూసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1 (గ్యారేజీలో పనిచేసేవారు)

ముందుగా హ్యాండ్‌బ్రేకు పరీక్ష గురించి చెబుతాను, ఎందుకంటే దాన్ని నమ్ముకుని చాలామంది పొరబడతారు. ఆ పరీక్షలో ఇంజను ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ పూర్తిగా పోయినట్టే, అందులో అనుమానం లేదు. కానీ ఆగిపోయినంత మాత్రాన క్లచ్ బాగుందని చెప్పడానికి లేదు. ఐడిల్‌కు (ఆక్సిలరేటరు తొక్కనప్పటి వేగానికి) దగ్గరలో ఇంజను ఇచ్చే టార్కు, అంటే తిప్పే బలం, తక్కువ, పైగా మీరు చూసినప్పుడు క్లచ్ చల్లగా ఉంది. మీకు జారుతున్నది వేడెక్కిన తరువాత, టర్బో పూర్తిగా అందుకుని ఇంజను తన గరిష్ఠ టార్కు ఇస్తున్న చోట. ఈ రెండు సందర్భాలకూ పోలిక లేదు. ఆ పరీక్షను పదే పదే చేయకండి కూడా, చేసిన ప్రతిసారీ ప్లేటుకు అనవసరపు వేడి ఎక్కుతుంది. చేయాల్సి వస్తే చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, బండికి ముందు మనిషి లేకుండా చూసుకుని ఒక్కసారే చేయండి.

గేరుబాక్సు దించకుండా చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. బండి కిందికి దూరి, ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య ఉండే బెల్ హౌసింగు అడుగుభాగాన్ని టార్చి వేసి చూడండి. చాలా బండ్లకు అక్కడ చిన్న కారుడు రంధ్రం ఉంటుంది. దాని అంచున తడి ఉంటే తెల్లని గుడ్డతో తుడిచి, రంగు చూసి, వాసన చూడండి. నల్లగా, పల్చగా ఉంటే ఇంజను వెనుకవైపు ఆయిల్ సీలు కారుతోంది. చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసనతో ఉంటే అది గేరు ఆయిలు, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలు నుంచి వస్తోంది. రంగు పెద్దగా లేకుండా, వేళ్ల మధ్య నీళ్లలా జారుతూ ఉంటే క్లచ్ ఫ్లూయిడ్, అంటే రిలీజ్ బేరింగును తోసే స్లేవ్ సిలిండరు కారుతోందన్నమాట. ఈ మూడింటిలో ఏది ప్లేటు మీద పడినా క్లచ్ జారుతుంది, చాలాసార్లు బండి ఎత్తేటప్పుడు వణుకు కూడా పుడుతుంది. మీ బండి కదిలేటప్పుడు వణుకుతోందా అన్నది రాయలేదు, అది తెలిస్తే కొంత స్పష్టత వస్తుంది.

రంధ్రం దగ్గర పొడిగా ఉండి, నల్లటి మెత్తని పొడి మాత్రం రాలి ఉంటే అది ప్లేటు లైనింగు (రాపిడితో పట్టు ఇచ్చే పైపొర) అరిగిన పొడి. కొద్దిగా ఉండటం సహజమే, ఎక్కువగా ఉంటే మాత్రం ఆలోచించాల్సిందే.

సెట్టు వేసినప్పుడు ఫ్లైవీల్‌ను, అంటే ఇంజనుతో పాటు తిరుగుతూ క్లచ్ ప్లేటు ఆనే బరువైన చక్రాన్ని, ఏం చేశారో కూడా కనుక్కోండి. పాత ఫ్లైవీల్ మీద నీలిమచ్చలు, సన్నని బీటలు ఉన్నా అలాగే వదిలేసి కొత్త ప్లేటు వేస్తే అది సమంగా ఆనుకోదు. కొన్ని ఫ్లైవీళ్లలో ప్లేటు ఆనే ముఖం ఒక మట్టంలోనూ, ప్రెషర్ ప్లేటు బోల్టులు బిగించే అంచు మరో మట్టంలోనూ ఉంటాయి. లేతు మీద ఆనే ముఖాన్ని మాత్రమే చెక్కి, అంచును అలాగే వదిలేస్తే రెండింటి మధ్య దూరం పెరిగి, కొత్త ప్లేటు వేసినా ప్రెషర్ ప్లేటు స్ప్రింగుకు అది అరిగిన ప్లేటు లాగానే ఉంటుంది, పట్టు తగ్గిపోతుంది. సొంతంగా సర్దుకునే రకం ప్రెషర్ ప్లేటును దానికి తగిన పనిముట్టు లేకుండా బిగించినా ఇలాంటి తిప్పలే వస్తాయి. ఇన్‌పుట్ షాఫ్టు పళ్లకు గ్రీజు అతిగా పూస్తే అది తిరిగే వేగానికి చింది లైనింగు మీద పడటం కూడా నేను చూశాను.

జవాబు 2

క్లచ్ నిజంగా జారుతోందా, జారితే ఎంత జారుతోంది అన్నది అంకెలతో తేల్చుకోమని నా సలహా. మాన్యువల్ గేరుబాక్సులో క్లచ్ పూర్తిగా పట్టి ఉన్నంతసేపూ ఇంజను వేగానికీ బండి వేగానికీ మధ్య నిష్పత్తి మారే వీలే లేదు, ఎందుకంటే మధ్యలో ఉన్నవన్నీ పళ్ల చక్రాలే. లోడు ఎంతైనా, ఎత్తయినా పల్లమైనా ఒక గేరులో ఆ నిష్పత్తి ఒక్కటే. అది మారిందంటే జారుతున్నది క్లచ్ అయినా కావాలి, నేల మీద టైర్లయినా కావాలి. తారు రోడ్డు మీద టాప్ గేరులో టైరు జారడం దాదాపు జరగని పని.

ఉదాహరణకు 235/70 ఆర్16 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.24 మీటర్లు సాగుతుంది. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1,000 మీటర్లు, అంటే చక్రం నిమిషానికి 446 చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 3.9 అనుకుని, నాలుగో గేరు ఒకటికి ఒకటి అయితే ఇంజను సుమారు 1,740 ఆర్‌పీఎం దగ్గర ఉండాలి. అంటే నాలుగో గేరులో గంటకు ఒక కిలోమీటరుకు 29 ఆర్‌పీఎం. అయిదో గేరు నిష్పత్తి 0.84 అయితే అది 24.4 అవుతుంది, 80 వేగంలో సుమారు 1,950 ఆర్‌పీఎం. మీ బండి నిష్పత్తులు యజమాని పుస్తకంలో ఉంటాయి. లేకపోయినా ఫరవాలేదు, ట్రైలరు లేకుండా సమతలం మీద ఆక్సిలరేటరు నెమ్మదిగా తొక్కి నడిపి ఆ అంకెను మీరే రాసుకోవచ్చు. స్పీడోమీటరు అసలు వేగం కన్నా కొంచెం ఎక్కువ చూపిస్తుందన్న బెంగ కూడా అక్కర్లేదు, మనం చూసేది అంకె సరైనదా కాదా అని కాదు, అది మారుతోందా లేదా అని.

ఓబీడీ పోర్టుకు (బండి కంప్యూటరు అంకెలు చదివే సాకెట్టుకు) చిన్న రీడరు తగిలించి ఫోనులో ఆర్‌పీఎం, వేగం రెండూ రికార్డు చేసుకుంటే రోడ్డు మీద చూపు పోగొట్టుకోకుండా ఇంటికి వచ్చాక తీరిగ్గా భాగించుకోవచ్చు. అయితే ఒక మెలిక ఉంది. ఆ రెండు అంకెలనూ రీడరు ఒకే క్షణంలో చదవదు కాబట్టి, వేగం గబగబా మారుతున్నప్పుడు క్లచ్ బాగున్నా నిష్పత్తి తప్పుగా కనిపిస్తుంది. ఎత్తు మీద వేగం నాలుగైదు సెకన్లు నిలకడగా ఉన్నచోట తీసుకున్న అంకెలనే నమ్మండి.

ఇంజనులో శక్తి తగ్గినప్పుడు కూడా కొందరు క్లచ్ జారుతోందనుకుంటారు. టర్బో గొట్టం ఊడినా, డీజిల్ ఫిల్టరు మూసుకుపోయినా బండి లాగదు, కానీ అప్పుడు ముల్లూ వేగమూ రెండూ కలిసే పడిపోతాయి. ముల్లు పైకి, వేగం కిందికి పోతేనే అది జారుడు.

ఇక లోడుతోనే ఎందుకు బయటపడుతోందన్నది. క్లచ్ పట్టగలిగే టార్కు నాలుగింటి మీద ఆధారపడుతుంది: లైనింగు ఘర్షణ గుణకం, ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, ప్లేటు సగటు వ్యాసార్ధం, ఆనే ముఖాల సంఖ్య. ఘర్షణ గుణకం 0.3, నొక్కే బలం 8,000 న్యూటన్లు, సగటు వ్యాసార్ధం 0.1 మీటరు, ముఖాలు రెండు అనుకుంటే 480 న్యూటన్ మీటర్ల వరకు పట్టి ఉంచుతుంది. ఇంజను గరిష్ఠంగా ఇచ్చేది 320 అయితే ఒకటిన్నర రెట్ల మార్జిను ఉన్నట్టు. ప్లేటు మీద ఆయిలు పడి గుణకం 0.2కు దిగితే పట్టు సరిగ్గా 320కి వచ్చేస్తుంది. గుణకం అలాగే ఉండి, నొక్కే బలం మూడో వంతు తగ్గినా ఫలితం అదే. అందువల్ల ఖాళీ బండితో తిరుగుతున్నంత కాలం ఏ లక్షణమూ కనబడదు, ఇంజను పూర్తి టార్కు అడిగిన మొదటి ఎత్తు మీద బయటపడుతుంది. ట్రైలరు మీ క్లచ్‌ను చెడగొట్టి ఉండవచ్చు, లేదా ఉన్న లోపాన్ని చూపించి మాత్రమే ఉండవచ్చు. ఈ తేడా గుర్తుంచుకోకపోతే రెండోసారి వేసిన సెట్టూ ఇలాగే పోతుంది.

జవాబు 3 (చాలా కాలంగా ట్రైలర్లు లాగుతున్నవారు)

పై లెక్కలన్నీ సరే, కానీ ట్రైలరునూ నడిపే పద్ధతినీ పక్కన పెట్టి క్లచ్‌ను ఒక్కదాన్నే నిలబెట్టి విచారించడం నాకు సబబుగా తోచడం లేదు. ముందు ట్రైలరు చక్రాలను జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూడండి. బ్రేకు పట్టేసి ఉంటే పికప్ రోజంతా ఆ బ్రేకును కూడా లాగుతున్నట్టే. దూరం నడిచి ఆపాక నాలుగు హబ్బుల దగ్గరా అరచేయి దగ్గరగా పెట్టి చూస్తే (తాకకండి, కాలుతుంది) పట్టేసిన చక్రం వేడి ఇట్టే తెలిసిపోతుంది. తోసుకొచ్చే బరువుకు తనంతట తాను బ్రేకు పడే రకం ట్రైలరు అయితే, వెనక్కు నడిపేటప్పుడు రివర్సు లీవరు వేయడం మరిచిపోతే ఆ బ్రేకు పట్టేసి ఉండగానే మనం బండిని బలవంతంగా వెనక్కు తోస్తుంటాం. అప్పుడు వచ్చే కాలిన వాసన చాలావరకు క్లచ్‌దే.

బండి ఎత్తేటప్పుడు పుట్టే వేడిని కూడా లెక్కగట్టుకోండి. ఇంజను వేగం నిలకడగా పెట్టి సమతలం మీద బండి ఎత్తితే, క్లచ్‌లో పుట్టే వేడి పట్టు కలిసే సమయానికి బండి సంపాదించిన గతిశక్తికి సమానం. ఖాళీ బండి 2,000 కిలోలు, మొదటి గేరులో గంటకు 10 కిలోమీటర్ల దగ్గర పట్టు కలిసిందనుకుంటే అది సుమారు 7.7 కిలోజౌళ్లు. ట్రైలరుతో బరువు 4,000 కిలోలకు చేరితే రెట్టింపు, 15.4. అదే ఎత్తు మీద, క్లచ్ అందించే టార్కులో సగం వాలును ఆపడానికే ఖర్చవుతుంటే ఆ వేడి మళ్లీ రెట్టింపవుతుంది. సోమరితనంతో రెండో గేరులో ఎత్తితే పట్టు కలిసే వేగం ఇంచుమించు 1.8 రెట్లు కావడం వల్ల వేడి మూడు రెట్లు దాటుతుంది. హాఫ్ క్లచ్ మీద ఎత్తులో బండిని నిలబెట్టడం వీటన్నిటికన్నా హానికరం, అక్కడ బండి కదలదు కాబట్టి ఇంజను ఇచ్చిందంతా వేడిగానే మారుతుంది.

మీరు అలా నడుపుతున్నారని అనడం లేదు. అయితే 15,000 కిలోమీటర్లంటే తక్కువే కదా అని మాత్రం అనుకోకండి. ఇరుకు చోట ట్రైలరును రోజూ ఎత్తు మీదికి రివర్సు చేసేవారికి అంతకన్నా ముందే ప్లేటు అరిగిపోవడం నేను చూశాను. ఎక్కువ మందిలాగే మీదీ మామూలు అరుగుదలే కావచ్చని నా అంచనా.

జవాబు 1 రాసినవారు మళ్లీ

అరుగుదల అన్న అంచనాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. అదే మనిషి, అదే ట్రైలరు, అదే దారి ఉండగా మొదటి సెట్టు 1,10,000 వచ్చిందని ప్రశ్నలోనే ఉంది. నడిపే పద్ధతి మారనప్పుడు మారిందేమిటో వెతకాలి. పైగా గంట చల్లారితే బాగవుతోందంటున్నారు. రివెట్ల దాకా అరిగిన ప్లేటు చల్లారినంత మాత్రాన కొత్తది కాదు.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవి ఒక్కొక్కటిగా చూశాను.

ట్రైలరు చక్రాలు నాలుగూ తేలికగా తిరుగుతున్నాయి, హబ్బుల వేడిలో తేడా లేదు. బెల్ హౌసింగు రంధ్రం పొడిగా ఉంది, గుడ్డకు కొంచెం నల్లపొడి మాత్రమే అంటింది. బండి ఎత్తేటప్పుడు వణుకు లేదు.

ఓబీడీ రీడరుతో అంకెలు తీశాను. నా బండి టైర్లు, నిష్పత్తులు ఉదాహరణలో రాసినవాటికి దాదాపు సరిపోయాయి. ట్రైలరు లేకుండా అయిదో గేరులో నిష్పత్తి 24.4, 24.5 మధ్యనే ఉంది. ట్రైలరు తగిలించి పొద్దున మొదటి ఎత్తు మీద గట్టిగా తొక్కినా 24.5 దాటలేదు. నలభై నిమిషాల తరువాత, దాదాపు అంతే వాలున్న ఎత్తు మీద 80 వేగంలో ఆర్‌పీఎం 2,400 చూపించింది, అంటే 30. వెంటనే కాలు తీసేశాను. కాబట్టి జారుతున్నది నిజమే, వేడెక్కాకే జారుతోందన్నదీ నిజమే.

మారిందేమిటని అడిగారు కాబట్టి ఒక సంగతి గుర్తుకొచ్చింది, ఇంతకుముందు దీనికి సంబంధం ఉందనుకోలేదు. రెండు నెలల కిందట, పెడల్ దగ్గర ఉండే క్లచ్ మాస్టర్ సిలిండరు కారుతోందని దాన్ని మార్పించాను. జారడం నేను గమనించింది ఆ తరువాత మూడు నాలుగు వారాలకు. పెడల్ అప్పటినుంచి కాస్త పైనే పడుతోంది, బాగు చేశారు కదా అందుకే గట్టిగా ఉందనుకున్నాను.

జవాబు 2 రాసినవారు మళ్లీ

80 దగ్గర ఉండవలసింది 1,950, ఉన్నది 2,400. అంటే 450 ఆర్‌పీఎం జారుతోంది. ఆ సమయంలో ఇంజను 250 న్యూటన్ మీటర్లు ఇస్తోందనుకున్నా ప్లేటు మీద దాదాపు 12 కిలోవాట్ల వేడి పుడుతున్నట్టు. పరీక్ష కోసమైనా దాన్ని మళ్లీ పొడిగించకండి, ఒకసారి చూసిన అంకె చాలు.

జవాబు 4

మాస్టర్ సిలిండరు మార్చారన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీ కారణం అక్కడే ఉండే అవకాశం చాలా ఎక్కువ.

హైడ్రాలిక్ క్లచ్‌లో పెడల్ మీద కాలు లేనప్పుడు మాస్టర్ సిలిండరు పిస్టను పూర్తిగా వెనక్కు వచ్చి, పైనున్న ఫ్లూయిడ్ డబ్బాలోకి దారితీసే చిన్న రంధ్రాన్ని తెరిచి ఉంచాలి. పెడల్‌కూ పిస్టనుకూ మధ్య ఉండే పుష్‌రాడ్‌లో కొంచెం ఆట (ఖాళీ కదలిక) ఉంటేనే పిస్టను అంత వెనక్కు రాగలదు. కొత్త సిలిండరు బిగించినప్పుడు ఆ రాడ్‌ను పొడవుగా సర్ది లాక్‌నట్టు బిగించేస్తే పిస్టను ఒక్క మిల్లీమీటరు ముందే నిలిచిపోయి ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. ట్రైలరు లాగుతూ అరగంట నడిచేసరికి బెల్ హౌసింగు, దాని పక్కనున్న స్లేవ్ సిలిండరు, గొట్టం అన్నీ వేడెక్కి లోపలి ఫ్లూయిడ్ వ్యాకోచిస్తుంది. పైకి పోయే దారి మూసుకుంది కాబట్టి అది స్లేవ్ పిస్టనునే ముందుకు తోస్తుంది. ఎవరో సీటులో కూర్చుని పెడల్ మీద కాలు కొద్దిగా ఆనించి ఉంచితే ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే రిలీజ్ బేరింగు డయాఫ్రం (ప్రెషర్ ప్లేటు స్ప్రింగు) వేళ్లను నొక్కుతుంది, ప్రెషర్ ప్లేటు బలంలో కొంత పోతుంది. జారినకొద్దీ వేడి, వేడెక్కినకొద్దీ ఒత్తిడి, దాంతో మరింత జారుడు. గంట చల్లారితే ఫ్లూయిడ్ కుదించుకుని అంతా మామూలైపోతుంది. మీరు రాసిన లక్షణాలు ఒక్కటి కూడా దీనికి బయట లేవు.

ఇది ఊహగానే మిగిలిపోకుండా తేల్చుకునే మార్గం ఉంది. వేడెక్కి జారడం మొదలైన తరువాత సమతలం మీద బండి ఆపి, ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టండి. పెడల్‌ను ఎవరూ తాకకూడదు. స్లేవ్ సిలిండరు మీది బ్లీడ్ నిపుల్‌కు (ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న మరకు) పారదర్శకమైన సన్నని గొట్టం తగిలించి, దాని రెండో కొస సీసాలో పెట్టి, నిపుల్‌ను పావు చుట్టు మాత్రమే వదులు చేయండి. డబ్బా ఎత్తులో ఉంటుంది కాబట్టి ఫ్లూయిడ్ చుక్కలు చుక్కలుగా రావడం మామూలే, దాన్ని చూసి పొరబడవద్దు. లోపల ఒత్తిడి నిలిచి ఉంటే మాత్రం వదులు చేసిన ఆ క్షణాన గొట్టంలోకి ఒక్క ఉదుటున చిమ్ముతుంది, తరువాతే చుక్కలకు దిగుతుంది. నిపుల్ బిగించి, డబ్బాలో మట్టం చూసుకుని, చల్లారకముందే అదే ఎత్తు మీద మళ్లీ నడపండి. పట్టు తిరిగి వచ్చిందంటే దోషం ప్లేటుది కాదని రుజువైనట్టే. కళ్లద్దాలు పెట్టుకోండి, పక్కనే ఎగ్జాస్టు గొట్టం కాలుతూ ఉంటుంది, ఫ్లూయిడ్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి.

చిమ్మితే మరో మెట్టు మిగిలి ఉంటుంది. ఆ ఒత్తిడిని పట్టి ఉంచుతున్నది మాస్టర్ సిలిండరా, మధ్యలోని రబ్బరు గొట్టమా అన్నది తేలాలి. పాత రబ్బరు గొట్టం లోపలి పొర ఉబ్బి, ఫ్లూయిడ్‌ను వెళ్లనిచ్చి వెనక్కు రానివ్వకపోవడం కూడా ఉంది. మరోసారి వేడెక్కినప్పుడు ఈసారి నిపుల్ జోలికి పోకుండా మాస్టర్ సిలిండరు దగ్గరి పైపు నట్టును కొద్దిగా వదులు చేయండి. అక్కడే ఒత్తిడి విడుదలై క్లచ్ పట్టుకుంటే లోపం మాస్టర్ వైపు, పట్టుకోకపోతే గొట్టం వైపు. ఫ్లూయిడ్‌కు బదులు పొరపాటున మినరల్ ఆయిలు పోసినా రబ్బరు సీళ్లు ఉబ్బి ఇలాగే రంధ్రాన్ని మూసేస్తాయి, అప్పుడు పుష్‌రాడ్ సర్దినా పని జరగదు, రబ్బరు ఉన్న భాగాలన్నీ మార్చాల్సి వస్తుంది.

పుష్‌రాడ్ చూసేటప్పుడు చేతి వేళ్లతో పెడల్‌ను మెల్లగా నొక్కండి, కాలితో కాదు. స్ప్రింగు ఒక్కటే తగులుతూ తేలిగ్గా కదిలే ఆ మొదటి భాగమే ఆట. రాడ్ దగ్గర ఒక మిల్లీమీటరు ఆట ఉంటే పెడల్ చివర అయిదారు మిల్లీమీటర్లుగా తెలుస్తుంది. ఖచ్చితమైన కొలత మీ బండి సర్వీసు పుస్తకంలోదే తీసుకోండి. కొన్ని బండ్లకు రాడ్ సర్దుబాటు ఉండదు, వాటిలో పెడల్ వెనుక ఉండే స్టాపర్ బోల్టు గానీ క్లచ్ స్విచ్చి గానీ పెడల్‌ను పూర్తిగా పైకి రానివ్వకుండా అడ్డుతోందేమో చూడాలి.

ప్రశ్న అడిగినవారు

నిన్న చేసి చూశాను. ట్రైలరుతో అదే దారిలో వెళ్లి, అయిదో గేరులో నిష్పత్తి 27కు చేరగానే కాలు తీసి, పైన సమతలంగా ఉన్నచోట ఆపాను. నిపుల్ వదులు చేయగానే గొట్టంలో సగం దాకా ఫ్లూయిడ్ ఒక్కసారిగా ఎగిరింది, ఆ తరువాత చుక్కలుగా పడింది. బిగించి, పది నిమిషాల లోపే వెనక్కు తిరిగి అదే ఎత్తు ఎక్కించాను. ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కినా 24.5 దగ్గరే నిలబడింది.

ఇంటికి వచ్చాక బండి చల్లారనిచ్చి పెడల్ కింద పడుకుని చూశాను. వేళ్లతో నొక్కితే ఆట అన్నదే లేదు, మొదటి స్పర్శలోనే పిస్టను బిగువు చేతికి తగులుతోంది. పుష్‌రాడ్ లాక్‌నట్టు దగ్గర మర మీద పాత సిలిండరు కాలం నాటి దుమ్ము గీత ఇంకా ఉంది. ఇప్పుడున్న నట్టు ఆ గీతకు మూడు మరలు ఇవతల ఉంది. సర్వీసు పుస్తకంలో చెప్పిన కొలతకు సర్ది, నట్టు బిగించాను. ఇప్పుడు పెడల్ చివర ఆరు మిల్లీమీటర్లు తేలిగ్గా కదులుతోంది, గేర్లు మునుపటిలాగే శబ్దం లేకుండా పడుతున్నాయి. ఈ రోజు ట్రైలరుతో గంటన్నర తిప్పాను, అయిదు ఎత్తుల మీద అంకెలు తీశాను, ఒక్కచోట కూడా 24.6 దాటలేదు.

ఇన్ని వారాలు జారిన ప్లేటును ఇక అలాగే వాడవచ్చా అన్నది ఒక్కటే మిగిలిన సందేహం.

జవాబు 1 రాసినవారు మళ్లీ

వేడిలోనూ పూర్తి లోడులోనూ నిష్పత్తి నిలబడిందంటే ఈ రోజుకు పట్టు చాలినంత ఉందని అర్థం. కేవలం భయం కోసం గేరుబాక్సు దించమని నేను చెప్పను. కానీ ఆ ప్లేటు మీ పాత సెట్టు అంత కాలం రాకపోవచ్చు. జారినప్పుడు లైనింగు పైపొర గాజులా నున్నబడుతుంది, డయాఫ్రం స్ప్రింగుకు బాగా వేడి తగిలితే దాని బిగువు కొంత శాశ్వతంగా పోతుంది. హైడ్రాలిక్ క్లచ్‌లో అరుగుదలను స్లేవ్ సిలిండరు తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి కేబుల్ క్లచ్‌లో లాగా పెడల్ ఎత్తు చూసి అరుగుదల చెప్పలేం. అయితే పెడల్ రానురాను బరువెక్కుతోందంటే ప్లేటు పల్చబడుతోందని ఒక గుర్తు. క్లచ్‌కు విడిగా డబ్బా ఉంటే దానిలో మట్టాన్ని గీత పెట్టి చూసుకోండి. బ్రేకులు అరిగితే వాటి డబ్బాలో మట్టం తగ్గుతుంది, క్లచ్ ప్లేటు అరిగితే అందుకు విరుద్ధంగా స్లేవ్ పిస్టను వెనక్కు జరిగి మట్టం పెరుగుతుంది.

దారిలో ఎప్పుడైనా మళ్లీ జారితే ఆక్సిలరేటరు సడలించి ఒక గేరు తగ్గించండి. కింది గేరులో చక్రాలకు అంతే బలం ఇవ్వడానికి ఇంజను తక్కువ టార్కు ఇస్తే చాలు, క్లచ్ మీద భారం ఆ మేరకు తగ్గుతుంది. తరువాత వీలైనచోట ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, పెడల్ మీద కాలు తీసేసి ఇంజనును ఐడిల్‌లో తిరగనివ్వండి. కవరు, ఫ్లైవీలు తిరుగుతూ ఉంటే లోపలి గాలి కదిలి త్వరగా చల్లారుతుంది.

మాస్టర్ సిలిండరు మార్చినవారికి కూడా ఆ నట్టు సంగతి చెప్పండి. కొత్త సిలిండరు పెట్టాక పెడల్ గట్టిగా పైనే పడితే పని బాగా చేశామన్న నమ్మకంతో చాలామంది ఆటను చంపేసి పంపుతారు, నేను కూడా ఈ పనిలో చేరిన కొత్తలో అలాగే చేసి, ఆ బండి తిరిగి వచ్చాక నేర్చుకున్నాను.